సున్నం కింద పేరు

నానమ్మ సమాధి మీది సున్నం గీకితే కింద రాతిలో ఎవరో మగవాడి పేరు బయటపడింది.

అబిగయీలు తాపీ పక్కన పెట్టి, చున్నీ కొసతో రాతిని తుడిచి మళ్లీ చదివింది. లోతుగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు. హెన్రీ గాడ్‌ఫ్రే, ఫైర్‌మన్. పోయిన సంవత్సరం 1938. నానమ్మ జోఫియా ఈ దేశం మొహం చూడకముందే పోయిన మనిషి.

బిట్రగుంట రైల్వే కాలనీ శ్మశానంలో చాలా సమాధుల మీద పేరు రాతిలో ఉండదు. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగ. దానికి ముందు తాపీమేస్త్రి వచ్చి అన్నిటికీ సున్నం కొట్టి పోతాడు. సున్నం ఆరాక ఇంటివాళ్లు నల్లరంగు తెచ్చుకుని తమవాళ్ల పేరు తామే రాసుకుంటారు. వాన వెలిసేసరికి సగం అక్షరాలు పోతాయి. మళ్లీ ఏడాది మళ్లీ రాస్తారు. జోఫియా పేరు ఎప్పుడూ రాసేది ఆమె కొడుకు మాథ్యూ. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, చెయ్యి ఇప్పటికీ వణకదు. పక్కన కూర్చుని రంగు డబ్బా పట్టుకునేది ఆయన కూతురు అబిగయీలు.

ఈ ఏడు రంగుతో సరిపెట్టకూడదని ఆమే పట్టుబట్టింది. నానమ్మ పుట్టిన పోలండు నుంచి మనిషి వచ్చింది. గ్రానైటు పలక మీద పేరు చెక్కించింది. పలక అతకాలంటే పాత సున్నం రాయి కనబడేదాకా గీకాలన్నాడు కొట్టువాడు. ఏటా వచ్చే మేస్త్రి మాల్యాద్రి మోకాళ్లు పట్టేసి రాలేనని కబురు పెట్టాడు. అందుకని ఆమే తాపీ పట్టింది.

ఆమె ఉద్యోగం రొయ్యపిల్లల హేచరీ ల్యాబులో. చూడ్డానికి నవనవలాడుతున్న పిల్లలో వైరస్ ఉందో లేదో తేల్చడం పని. కంగారు పడితే ఆ పని సాగదు. అందుకే కేక పెట్టకుండా లేచి చుట్టుపక్కల సమాధులు నాలుగు గీకి చూసింది. వాటి మీద సున్నం పొర పలచన. మాల్యాద్రి మంచి పనివాడు, కొత్త సున్నం వేసేముందు పాతది గీకేస్తాడు. నానమ్మ సమాధి మీద మాత్రం వేలెడు మందాన అట్టకట్టి ఉంది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా గీకలేదన్నమాట.

మరచిపోతే ఒక ఏడు మరచిపోతాడు. ప్రతి ఏడూ ఆ ఒక్క సమాధినే మరచిపోడు.

ఆమె సున్నపు చేతులతోనే స్కూటీ ఎక్కింది.

*

ఇంట్లో మాథ్యూ వరండాలో కూర్చుని నల్లరంగు డబ్బా మూత తీస్తున్నాడు.

"డాడీ, అది మూసేయి. ముందు నేను చెప్పేది విను."

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. డబ్బా మూత మళ్లీ బిగించాడు.

"అయితే ఇన్నేళ్లుగా నేను ఫైర్‌మన్‌కి బంతిపూలు పెడతా ఉండానా?"

"అట్టనే ఉండాది."

"క్యాండిల్సు కూడా."

"క్యాండిల్సు కూడా."

"పోనీలే, ఆయనకు మటుకు ఎవరుండారు," అన్నాడు మాథ్యూ. అని నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "మా అమ్మ యాడుండాది మరి?"

అదే ప్రశ్న. రేపే సమాధుల పండుగ, ఆలోగా జవాబు కావాలి. లోపలి గదిలో మార్తా నిద్రపోతోంది. వార్సా నుంచి మూడు విమానాలు మారి నిన్ననే దిగిన పిల్ల. ఆమె అమ్మమ్మ హలీనా జోఫియాకు సొంత చెల్లెలు, తొంభై దాటింది.

కథ పాతది. రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో రష్యా సైనికులు పోలండులో వాళ్ల ఊరి కుటుంబాలను పశువుల పెట్టెల్లోకి ఎక్కించి తూర్పుకు పంపారు. జోఫియాకు పద్నాలుగేళ్లు, హలీనా చిన్నపిల్ల. వాళ్ల తల్లి దారిలోనే రైలు పెట్టెలో పోయింది. బండి ఎక్కడో మంచులో ఆగినప్పుడు కాపలావాళ్లు శవాన్ని పట్టాల పక్కకు దించి, తలుపు లాగేశారు. బండి కదిలింది. ఆ చోటు పేరేమిటో ఎవరికీ తెలియదు. తర్వాత ఎన్ని దేశాలు తిరిగో అక్కచెల్లెళ్లిద్దరూ కొల్హాపురం దగ్గరి పోలండు శరణార్థుల శిబిరానికి చేరారు. యుద్ధం అయ్యాక చెల్లెలు మేనత్తతో వెనక్కి పోయింది. అక్క బిట్రగుంట ఇంజను డ్రైవరు ఎడ్విన్‌ను చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి. నిరుడు అబిగయీలు సరదాకి డీఎన్‌ఏ పరీక్షకు ఉమ్మి నమూనా పంపితే, అటువైపు మార్తా పంపిన నమూనాతో కలిసింది. అలా రెండు ఇళ్లూ మళ్లీ ఒకటయ్యాయి.

హలీనా ఫోనులో ఒకే ఒక మాట అడిగింది. మా అమ్మకు సమాధి లేదు. మా అక్కకైనా ఉందా?

ఉంది, ఏటా పూలు పెడుతున్నాం అని అబిగయీలు గట్టిగా చెప్పింది. దాంతో ముసలామె తాము పుట్టిన ఊరి మట్టి గుడ్డసంచిలో కట్టి మనవరాలి చేతికిచ్చింది. ఆ ఊరు ఇప్పుడు వేరే దేశంలో ఉంది. ఆ మట్టి అక్క మీద చల్లేది ఫోనులో తాను చూడాలి. అంతవరకు ఉంటాను, ఆ తర్వాత సంగతి దేవుడిష్టం అంది.

ఆ రైలు పెట్టె ఈ ఇంట్లోనే కాపురం ఉంటున్నట్టు లెక్క. మాథ్యూ దాన్ని చూడలేదు, అబిగయీలు అసలే చూడలేదు. అయినా ఈ ఇంటివాళ్లు రైల్లో పోతే మధ్య స్టేషన్లో ఎవ్వరూ దిగరు. గూడూరులో బండి అరగంట ఆగినా టీ తాగరు. అబిగయీలు పెళ్లైన కొత్తలో మొగుడు నీళ్లసీసాకని ప్లాట్‌ఫారం మీదకు దిగితే, ఆమె పెట్టెలో నిలబడి ఏడ్చేసింది. ఎందుకేడ్చావని అతను అడిగితే చెప్పడానికి ఆమెకే తెలియలేదు.

"డాడీ, నువ్వు పూడ్చేటప్పుడు లేవా?"

"యాడుండాను? ఎనభై తొమ్మిది తుపాను కదమ్మా. అమ్మకు ఆయాసం, సముద్రపుగాలి మంచిదని మీ అమ్మ పుట్టింటికి పంపిస్తిమి. ఆడ్నే పోయింది. నేను డ్యూటీ మీద గూడూరులో చిక్కినా. పట్టాలు కొట్టకపోయినాయి. ట్రాలీ మీద కొంత, నడిచి కొంత ఎట్టనో వచ్చి పడితే, మాల్యాద్రి శ్మశానం గోడ కాడ నిలబడి ఉండాడు. వానలో తడిసి ముద్దయి. 'దొరా, నేనే తెచ్చినా, నేనే పూడ్చినా, ఇదుగో' అని చూపించినాడు."

"నువ్వు నమ్మినావు."

"నమ్మక? చేతులు పట్టుకోని ఏడ్చినా. ఆ గాలిలో మా అమ్మను కాలవ దాటించి తెచ్చిన మనిషి. ఏం అడగమంటావు, రసీదా?"

అప్పుడే మార్తా కళ్లు నులుముకుంటూ వరండాలోకి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, అబిగయీలు చేతుల మీది సున్నం చూసి, ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. దాచి లాభం లేదు. అబిగయీలు చెప్పేసింది. మార్తా గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మమ్మకు నేనేం చెప్పను?" అంది చివరికి. "చెప్పకపోతే ఏ రాయి మీదో చల్లినట్టు నటించాలి. ఆమెకు తొంభై ఏళ్లు దాటినా మనిషి అబద్ధమాడితే పసిగడుతుంది."

మాథ్యూ చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"నువ్వు రావొద్దు డాడీ."

"నా అమ్మ, నేను రావొద్దా?"

"నువ్వొస్తే ఆయన నోరిప్పడు. నీ మొహం చూస్తే అబద్ధమే వస్తాది ఆయనకు. అలవాటైపోయింది."

మాథ్యూ చెప్పులు వదిలేసి కూర్చున్నాడు.

*

అల్లూరు దాటాక రెండు పక్కలా వరిమళ్లు, అవి అయ్యాక రొయ్యల చెరువులు. చెరువుల్లో ఏరేటర్లు తెల్లగా నీళ్లు చిమ్ముతున్నాయి. బకింగ్‌హాం కాలవ మీద వంతెన దాటితే పల్లె. అబిగయీలు తల్లి ప్రమీలమ్మ పుట్టిన ఊరు. స్కూటీ వెనక కూర్చున్న మార్తా ఒడిలో గుడ్డసంచి ఉంది. ఇంట్లో పెట్టి రమ్మంటే ఒప్పుకోలేదు.

మాల్యాద్రి కూతురింటి పంచలో మోకాళ్లకు వేడి ఉప్పుమూట కాపడం పెట్టుకుంటూ కనిపించాడు. వయసులో ఉన్నప్పుడు వేట సాగే నెలల్లో సముద్రం మీద, మిగతా నెలల్లో కాలనీలో తాపీపని మీద బతికిన మనిషి. అబిగయీలును చూసి మొహం వికసించింది. వెనక తెల్లపిల్లను చూసేసరికి ఆ వికాసం సగంలో ఆగింది.

"రా పాపా, రా. మోకాళ్లు జూడు, ఎట్టా చేసినాయో. ఈ యమ్మెవరు?"

"నానమ్మ చెల్లెలి మనవరాలు మామా. పోలండు నుంచి."

"అట్టనా. అచ్చం పెద్దదొరసాని ముక్కే."

"సున్నం గీకినా మామా."

మాల్యాద్రి ఉప్పుమూటను ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదకు మార్చాడు.

"ఎందుకు గీకినావు? రాయి చెడిపోదా."

"పలక అతకాల. హెన్రీ గాడ్‌ఫ్రే ఎవరు?"

"ఓ, అదా!" అని ఆయన తేలిగ్గా చెయ్యి ఊపాడు. "పాత సమాధి. ఆ వానలో కొత్తగుంట యాడ తవ్వేది? అది తెరిచి అందులోనే పెట్టినా. ఒకే గుంటలో ఇద్దర్ని పెట్టేది మీ వాళ్లలో ఉండేదే గదా."

"బండ ఎత్తినావా?"

"ఎత్తకుండా ఎట్టా?"

"ఒక్కడివే?"

మాల్యాద్రి ఉప్పుమూట మళ్లీ మోకాలికి ఒత్తుకున్నాడు.

"ఆ బండను నలుగురు కూడా కదిలించలేరు మామా. అంచుల గచ్చు ఎప్పటిదో పాతది, వెంట్రుకంత పగులు లేదు. పైన నీ సున్నం తప్ప ఏమీ లేదు. నువ్వే జెప్పు, తాపీమేస్త్రివి గదా."

ఇంట్లోంచి కూతురు మజ్జిగ గ్లాసులు తెచ్చింది. తండ్రి మొహం చూసి, గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. మాల్యాద్రి మజ్జిగ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత గొంతు తగ్గించి మొదలెట్టాడు.

"చెప్తా. మీ అమ్మోళ్ల నాయన ఇంట్లో పడవ చెక్కల్తో పెట్టె కొట్టించినారు. నా పడవలో ఎక్కించినారు. కాలవ దాటితే ఆవల ట్రాక్టరు. సగం దూరం పోయేసరికి గాలి తిరిగింది. కాలవేదో సముద్రమేదో తెలీలా. గుడిసెల కప్పుల మీద జనం, చేతులూపి కేకలు. పడవలో పెట్టె ఉంటే మనుషులకు చోటు లేదు. ఏం జేసేది పాపా? పెట్టె దించేసినా. మనుషుల్ని ఎక్కించుకున్నా. పెట్టె కాలవలో కొట్టకపోయింది. ఆ మాట మీ నాయనకు చెప్పలేక సున్నం పూసినా."

అబిగయీలు ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. మార్తా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె మాల్యాద్రి చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మమ్మ దీన్ని ఒప్పుకుంటుంది," అంది. "బతికున్నవాళ్ల కోసమైతే ఒప్పుకుంటుంది. ఆయనకు చెప్పండి." అబిగయీలు ఆ మాట ఆయనకు తెలుగులో చెప్పింది.

అక్కడితో ఆపేస్తే అందరికీ బాగుండేది. మట్టి కాలవలో కలిపేసి ఫోనులో చూపించొచ్చు. మాల్యాద్రికి మంచిపేరు, హలీనాకు ఓదార్పు. అబిగయీలుకు కూడా ఆపేయాలనే ఉంది. కానీ మార్తా పట్టుకున్న ఆ చెయ్యి వైపే చూస్తోంది ఆమె. ఆ చెయ్యి మార్తా పట్టులోంచి మెల్లగా జారిపోవాలని చూస్తోంది. పొగడ్త విన్న మనిషి చెయ్యి అలా ఉండదు.

"యాడ దించినావు మామా పెట్టె?"

"ఏమో. అంతా నీళ్లు."

"పడవెక్కినోళ్లు చూసుంటారు గదా. ఒకరి పేరు చెప్పు, అడిగొస్తా. ఈ ఊళ్లోనే ఉంటారు."

"ముసలోళ్లయిపోయినారు. పోయినారు."

"పిల్లలుంటారు గదా."

అబిగయీలు గొంతు పెంచకుండానే అడిగింది.

"నీ ఇంటికి ముందు తాంబూలం ఎవరు తెస్తారు మామా?"

ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. ఎనభై తొమ్మిది తుపానులో ఎవరిని ఎవరు పడవెక్కించారో అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంట్లో పెళ్లి కుదిరితే మొదటి తాంబూలం మేనమామకు కాదు, ఆ పడవ ఇంటికి పోవాలి. ఎక్కించిన మనిషి పోయినా అతని కొడుక్కి, కొడుకు లేకపోతే వాకిలికి. ప్రమీలమ్మ తమ్ముడి పెళ్లికి కూడా అలాగే తమను పడవెక్కించిన పోలేరయ్య ఇంటికి ముందు పోయారు, ఆయనతో మాటల్లేకపోయినా సరే. అబిగయీలు ఆ ఊరి పెళ్లిళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. మాల్యాద్రి వాకిట్లో ముందు తాంబూలం పెట్టగా ఆమె ఎప్పుడూ చూడలేదు, వినలేదు.

"ఒక్కరూ తేరు గదా," అంది. "ఎందుకని?"

మార్తా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు తర్జుమా చేసేవాళ్లు లేరు. ఎక్కడో చెరువులో ఏరేటరు ఆగిపోయింది, ఎవరో ఎవరినో తిట్టారు, మళ్లీ మొదలైంది. మాల్యాద్రి ఉప్పుమూట విప్పి, చల్లారిపోయిన ఉప్పును అరుగు మీద కుప్పగా పోశాడు.

"ఎందుకంటే మనుషులు లేరు పాపా," అన్నాడు. "ఒక్కరూ లేరు. మనుషులే ఉండుంటే ఆ పొద్దే మీ నాయన కాళ్ల మీద పడి చెప్పనా? చెప్పుంటే ఆయన నన్ను కౌగిలించుకోని ఉండును. వలలు. కొత్త నైలాను వలలు, నావీ నా బావమరిదివీ. కాలవ గట్టు మీద పాకలో పెట్టుంటిమి. పాక పడిపోయి వలలు నీళ్లలో తేలతా పోతా ఉండాయి. పడవలో పెట్టె ఉండాది. రెండూ పట్టవు. నేను ఆలోచించినా అని చెప్తే అబద్ధం. ఆలోచించలా. పెట్టెను గట్టు మీదికి తోసి, తాటిమొద్దుకు తాడేసి కట్టి, వలలు లాక్కున్నా. మళ్లీ వచ్చి తీసుకుందామనే. గాలి రానీలా. సంగతి చెప్పాలని ఎట్టనో కాలనీకి పోయి, చెప్పలేక శ్మశానం గోడ కాడ నిలబడినా. ఆ లోపల మీ నాయన ట్రాలీ మీద వచ్చేసినాడు. 'యాడ పెట్టినావు మాల్యాద్రీ' అని అడిగినాడు. నా చెయ్యి దానంతట అదే లేచి దగ్గరున్న, పండగ సున్నం కింద పేరు కనపడని సమాధిని చూపించింది. ఆయన దాని మీద పడి ఏడ్చినాడు. ఇంక ఎట్టా చెప్పేది? నీళ్లు తీసినాక పోయి చూస్తే పెట్టె కట్టినట్టే ఉండాది. కాలవలో పోయిందని ఇప్పుడు చెప్పింది కూడా అబద్ధమే, పోయిందంటే ఇంకెవురూ అడగరని. ఆడ్నే గుంట తీసి నేనొక్కడ్నే పూడ్చినా. మీ ప్రార్థన నాకు రాదు, మాకు తెలిసింది చెప్పినా. మా అల్లుడు చెరువు తవ్వినప్పుడు మిషను ఆడికొస్తే అడ్డం పండుకున్నా, ఎందుకని అడిగితే దయ్యం ఉందని చెప్పినా. అందుకే వాడి చెరువు ఆ మూల వంకరగా ఉంటాది. పాండి, చూపిస్తా, నడవలేకపోయినా చూపిస్తా. ఆ యమ్మకు మాత్రం సరిగ్గా చెప్పు, మనుషులని చెప్పొద్దు. మీ నాయనకు కూడా నేనే చెప్తా. ఆ వలలకు పడిన మొదటి వంజరం చేప మీ ఇంటికే పంపినా పాపా. మీ నాయన తినినాడు. బాగుండాదని కబురు పెట్టినాడు."